పసుపు త్రికోణం

కర-మొయ్‌నోక్,
నవంబర్ 7, గురువారం

చిన్నదొరకి,

ముందుగా చెప్పేస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. వదిన చేతిరాత కనబడగానే గుండె పట్టుకుంటావని తెలిసే మొదటి వాక్యంలో రాస్తున్నాను. పోయింది నువ్వు ఇక్కడ బిగించిన కంప్యూటర్ ఒక్కటే.

మొన్న మంగళవారం పొద్దున వైద్య కేంద్రం తలుపు తీసి, పొయ్యి రాజేసి, దాన్ని ఆన్ చేశాను. ఏదో కొత్తది దింపుకుంటున్నాను, ఆపొద్దు అని రష్యన్‌లో రాసి గంటసేపు చుక్కలు తిప్పింది. తిప్పి తిప్పి లేచేసరికి కింద మూల ఉండే నెట్ గుర్తు మీద ఎర్ర ఇంటూ మార్కు పడింది. అప్పటినుంచీ అంతే. కేంద్రం కప్పు మీద డిష్ గొడుక్కి పట్టిన మంచు దులిపాను. గొడుగు తీగ వచ్చి చేరే పెట్టె మీద మూడు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. బొగ్గు లారీ సగిన్ చూసి, పక్కన ఒక దెబ్బ వేస్తే దారికొస్తుందన్నాడు. వేశాను. వాడి లారీ అయితే కదిలేదేమో గానీ ఇది కదల్లేదు.

అక్టోబర్ గాలికి కనుమ మీద ఫోన్ టవర్ కూలిన సంగతి నీకు తెలుసు. వసంతం దాకా నిలబెట్టరట. అందుకని ఇప్పుడు నీకూ మాకూ మధ్య సగిన్ లారీయే దిక్కు. బుధవారం మధ్యాహ్నం నరీన్ నుంచి బొగ్గుతో వస్తాడు, గురువారం పొద్దున వెళ్తాడు. నువ్వు రాసేదేదో మంగళవారంలోగా రాసి వాడి చేతిలో పెట్టు.

తొందర ఎందుకంటే, పోయిన నెలాఖరున పంపిన రక్తం, మూత్రం పరీక్షల ఫలితాలు ఈ డబ్బాలోకే రావాలి. ఈ చలికాలం మన ఊళ్ళో గర్భిణులు నలుగురు. వాళ్ళలో ఒకావిడకి కాళ్ళు వాస్తున్నాయి. ఆవిడ ఫలితం చూస్తే గానీ ఏమీ తేల్చుకోలేను. పెద్ద డాక్టరుతో మాట్లాడాలన్నా, కనుమ దాటే గొలుసు చక్రాల బండి పంపమని అడగాలన్నా దీంట్లో ఫారం నింపి పంపడం తప్ప వేరే దారి లేదు.

మీరిమ్ బాగుంది. పుట్టబోయేవాడికి బొంత కుడుతోంది. నీ పాత చొక్కా ఒకటి కోసేసింది, కోప్పడకు.

మీ వదిన


నరీన్,
నవంబర్ 12, మంగళవారం

వదినా,

మీరు మొదటి వాక్యం అలా రాయకపోతే ఈపాటికి నేను కనుమ ఎక్కుతూ ఉండేవాణ్ణి. రెండేళ్ళ కిందట నాన్నకి బాగాలేదని కబురు విని నడిచి బయల్దేరి, మూడు కాలివేళ్ళు ఆ మంచుకి సమర్పించుకున్నాను కదా. మిగిలిన ఏడూ నాకు అవసరమే.

ఇక మీ రోగి సంగతి. వదినా, మీరు నాడి పట్టి చూస్తారు, నేను తెర చూస్తాను, అంతే తేడా. తీగ పెట్టెలో దీపాలు వెలుగుతున్నాయంటే గొడుగు బాగుంది. కంప్యూటర్ వెనక తీగ దూర్చే రంధ్రం దగ్గర ఒక చిన్న దీపం ఉంటుంది, అది మినుకుమంటోందా లేదా చూడండి. ఆ రంధ్రం ఉన్న పలకే నెట్‌వర్క్ కార్డు. దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఒక దుబాసీ ఉంటాడు, డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. కార్డు మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేట్టు చెప్పేది వాడే. కొత్తగా దింపుకున్నది ఏదో ఆ దుబాసీని బయటికి గెంటినట్టుంది.

కింద ఎడమవైపు కిటికీ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కితే ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో డివైస్ మేనేజర్. అక్కడ నెట్‌వర్క్ అడాప్టర్లు అన్నచోట పసుపు త్రికోణం కనబడితే, దాని మీద రెండుసార్లు నొక్కి ఏం రాసిందో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకోండి. అక్కడే వివరాలు అన్న పేజీలో హార్డ్‌వేర్ గుర్తింపు అంకెలుంటాయి, అవీ రాయండి. తర్వాత ఆ అడాప్టర్‌ని తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యండి. సగం జబ్బులు దాంతోనే పోతాయి. మీరిచ్చే పారాసిటమాల్ లాగే.

పేరు అడిగితే మాత్రం సిగ్గుపడకండి. ఇది పెట్టిన రోజు, బిగించినవాడి పేరు అన్న గడిలో నా పేరు కొట్టలేక, పక్కింటి పిల్లని పిలుచుకొచ్చారు గుర్తుందా. అత్తింటివాళ్ళ పేర్లు ఎత్తకూడదన్న మన కోడళ్ళ పట్టింపు నోటి వరకే అనుకున్నాను, వేళ్ళక్కూడా ఉందని ఆరోజే తెలిసింది.

కావాలంటే బుధవారం నేనే వచ్చి చూస్తాను. మీరిమ్‌ని చూసినట్టూ ఉంటుంది. చొక్కా ఏ రంగుది కోసింది?

ఎర్మెక్


కర-మొయ్‌నోక్,
నవంబర్ 14, గురువారం

చిన్నదొరకి,

చెప్పినవన్నీ చేశాను. వెనక దీపం చచ్చిపోయి ఉంది. నీ పసుపు త్రికోణం ఉండనే ఉంది. రెండుసార్లు నొక్కితే, ఈ పరికరం మొదలు కాలేకపోతోంది, కోడ్ 10 అంది. పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళు అన్న మీట బూడిదరంగులో ఉంది, నొక్కితే పడలేదు. తీసేసి, ఆపి, మళ్ళీ వేశాను. త్రికోణం మళ్ళీ వచ్చి కూర్చుంది. హార్డ్‌వేర్ గుర్తింపు అంకెలు ఈ కాగితం వెనక మూడు వరసల్లో రాశాను. మూడుసార్లు సరిచూశాను. చివరి నాలుగూ 4136.

నువ్వు రావొద్దు. కనుమ మీద ఇప్పటికే గాలి మొదలైంది. అత్తయ్య కూడా వద్దంటోంది. పని అక్కడినుంచే కానియ్యి.

కాళ్ళ వాపావిడ సంగతి రాస్తాను, ఎందుకంటే నువ్వు చెప్పే రోజుల లెక్క మీద నేను తేల్చుకోవాలి. రక్తపోటు నూట నలభై బై తొంభై ఉంది. తలనొప్పి అంటోంది. నిన్న అంతకంటే ఏమీ లేదు. వచ్చే బుధవారానికి పెరిగితే సగిన్ లారీలో ముందు సీటు మీద కూర్చోబెట్టి నరీన్ పంపేద్దామనుకుంటున్నాను. కంప్యూటర్ ఈలోగా బాగయ్యేట్టయితే మాత్రం ఇక్కడే ఉంచి, డాక్టర్ని గొలుసు బండిలో రప్పించడం మేలు. కనుక తమాషాలు కట్టిపెట్టి సూటిగా చెప్పు, ఎన్ని రోజుల్లో బాగవుతుంది?

చొక్కా నీలం గళ్ళది. మీరిమ్ తింటోంది, పడుకుంటోంది. నిన్ను అడిగానని చెప్పమంది.

మీ వదిన


నరీన్,
నవంబర్ 19, మంగళవారం

వదినా,

సూటిగానే చెబుతున్నాను. ఈ ఉత్తరంతో బాటు చిన్న అగ్గిపెట్టెలో పెన్ డ్రైవ్ పెట్టాను. బుధవారం మధ్యాహ్నం సగిన్ మీ చేతికిస్తాడు. దూర్చండి, అందులో ఒకే ఒక్క ఫైలు ఉంటుంది, దాని మీద రెండుసార్లు నొక్కండి, అడిగిన ప్రతిదానికీ అవును అనండి. సగిన్ తన టీ తాగి లేచేలోపు మీ ఎర్ర ఇంటూ మార్కు పోతుంది. నేను పద్నాలుగు ఊళ్ళలో ఈ యంత్రాలు బిగించాను, అన్నీ ఒకే సరుకు, అన్నిటిలోనూ ఇదే కార్డు. కొత్త అప్‌డేట్‌తో రెండుచోట్ల ఇదే రోగం వచ్చింది, ఇదే మందుతో పోయింది.

ఆ తల్లిని సగిన్ లారీ ఎక్కించకండి. ముందు సీటుకి స్ప్రింగులు లేవు, నేను నాలుగు గంటలు కూర్చున్నాను గనుక చెబుతున్నాను. కనుమ మలుపుల్లో ఆ కుదుపులకి దారిలోనే కాన్పు అయిపోతుంది. వెచ్చగా ఇంట్లో ఉంచండి. బుధవారం సాయంత్రానికి మీ మాట డాక్టరుకి చేరుతుంది. నా మాట మీద ఉంచండి, ఏమీ కాదు.

మీరిమ్‌కి ఎండు ఆప్రికాట్లు పంపుతున్నాను. సగిన్ దారిలో సగం మింగుతాడు, మిగిలిన సగమైనా దానికి చేరేట్టు చూడండి. నీలం గళ్ళ చొక్కా నాకిష్టమైనదే. పరవాలేదు.

ఎర్మెక్


కర-మొయ్‌నోక్,
నవంబర్ 21, గురువారం

చిన్నదొరకి,

ఈ ఉత్తరం ఎలా పంపాలో తెలియదు. దారి దొరికినా పంపుతానో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను, లేకపోతే నాకు పిచ్చెక్కేట్టుంది.

కాళ్ళు వాచిన ఆవిడ మీరిమ్.

మొదటి ఉత్తరంలోనే రాయబోయాను. అత్తయ్య కలం పట్టుకుంది. "వాడికి రాశావంటే ఈసారి మిగిలిన వేళ్ళు కూడా పోతాయి. ఊరు దాటి ఉన్న మగాడికి ఇంట్లో రోగం గురించి కాగితం మీద రాస్తారా ఎవరైనా? చెప్పేదేదన్నా ఉంటే పెద్దమనుషులు వెళ్ళి నోటితో చెబుతారు," అంది. నేనూ సరేనన్నాను. మీరిమ్ కూడా, "చెప్పకక్కా, పరిగెత్తుకొస్తాడు," అంది. ముగ్గురం కలిసి నీ దగ్గర దాచాం, సగిన్ నోరు కూడా కట్టేశాం. ఒకావిడ, ఒకావిడ అని రాస్తుంటే నా చెయ్యి ఆగలేదు. అదే నాకిప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

నిన్న పొద్దున దాని రక్తపోటు నూట యాభై బై నూరు. పంపేద్దామని నిశ్చయించాను. బట్టలు మూట కట్టాను. సగిన్ రాగానే ముందు సీటు మీద అది కుట్టిన చిన్న బొంత కూడా పరిచాను, కుదుపులు తగలకుండా. అప్పుడు వాడు నీ ఉత్తరం ఇచ్చాడు. అక్కడే లారీ మెట్టు మీద నిలబడి చదివాను. చదివి బొంత తీసేశాను. కనుమ మీద మబ్బు దిగుతోందని సగిన్ గురువారం దాకా ఆగనన్నాడు. "ఎక్కించమంటావా, వద్దా? ఇప్పుడే చెప్పు," అన్నాడు. వద్దు, మరిది బాగుచేసేశాడు అన్నాను. పాపం, అడిగినందుకు వాడి మీద నవ్వాను కూడా.

లారీ మలుపు తిరిగాక పెన్ డ్రైవ్ దూర్చాను. అవును, అవును, అవును అన్నాను. పూర్తయింది అని రాసింది. ఆపి మళ్ళీ వేస్తే త్రికోణం అక్కడే ఉంది. పదకొండుసార్లు చేశాను.

ఈ పొద్దున నూట డెబ్బై బై నూట పది. కళ్ళ ముందు మెరుపులు కనబడుతున్నాయంటోంది. మూర్ఛ రాకుండా ఇచ్చే మెగ్నీషియా సూది మందు నా దగ్గర ఆరు ఆంపూళ్ళున్నాయి, మొదటిది ఇచ్చాను. మంచు మోకాళ్ళ దాకా ఉంది. ఎటూ పోదని తెలిసీ కంప్యూటర్‌లో ఫారం నింపి పంపు అని నొక్కాను. పంపవలసినవి ఒకటి అని చూపిస్తూ అక్కడే ఉంది. ఆ ఫారంలో భర్త పేరు అని ఒక గడి ఉంది. అది నింపకపోతే ముందుకు పోనివ్వదు. పన్నెండేళ్ళుగా నోటితో అనని నీ పేరు వేలితో కొట్టాను. పక్కింటి పిల్లని పిలవలేదు.

వదిన


నరీన్,
నవంబర్ 22, శుక్రవారం

వదినా,

ఈ ఉత్తరం బుధవారం సగిన్ వస్తే గానీ మీకు చేరదని తెలుసు. కనుమ మూసేశారట, దున్నే బండి సోమవారం బయల్దేరుతుందంటున్నారు. రాసి ఉంచితే మనసు తేలిగ్గా ఉంటుందని రాస్తున్నాను.

ఇవాళ మీ పాత ఉత్తరం వెనక ఏదో లెక్క వేసుకుందామని తిప్పితే మీరు రాసిన అంకెలు కనిపించాయి. చివరి నాలుగూ 4136. మిగతా ఊళ్ళవి 4168. అంటే మీ యంత్రంలో ఉన్నది వేరే కార్డు. సరుకు ఇచ్చినవాడు మీ ఒక్కదాంట్లో వేరేది పెట్టి ఉండాలి, ఏం చేస్తాం. నేను పంపిన పెన్ డ్రైవ్ మీకు పనిచేసి ఉండదు. ఇంకొకటి సిద్ధం చేశాను, దీంట్లో సరైనది ఉంది. ఈసారి తప్పకుండా పనిచేస్తుంది.

ఆవిడ ఎలా ఉంది? మీరు పేరు రాయలేదు. ఆమె భర్త ఎవరు? మన ఊరివాళ్ళు ఇక్కడ ఆరేడుగురు పనిచేస్తున్నాం, వాళ్ళలో ఎవరన్నా అయితే నేనే వెళ్ళి మెల్లగా చెబుతాను. ఇంట్లోవాళ్ళు దాస్తారు గానీ, వదినా, అలా దాచడం తప్పు. వాడికి తెలియాలి. నాన్న విషయంలో మీరు చెప్పారు గనుకనే నేను ఆఖరి చూపు చూడగలిగాను, వేళ్ళు పోతే పోయాయి.

మీరిమ్‌కి చెప్పండి, తొట్టెకి మాట్లాడాను. చెక్క తొట్టె, ఎర్ర రంగుది. బిడ్డ పుట్టి నలభై రోజులు కాకముందే కొనకూడదని అమ్మ అంటుంది కనుక మాట్లాడి మాత్రమే ఉంచాను.

ఎర్మెక్


నరీన్,
నవంబర్ 30, శనివారం

వదినా,

కంప్యూటర్ ఇప్పుడు బాగానే ఉంది గనుక దాంట్లోనే రాయొచ్చు. కాగితమే పట్టుకున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా గదిలో గోడ మీద ఒక పటం ఉంది. పద్నాలుగు ఊళ్ళకి పద్నాలుగు చుక్కలు. ఇరవై మూడు రోజులుగా కర-మొయ్‌నోక్ చుక్క ఎర్రగా ఉంది. రెండో పెన్ డ్రైవ్ మీకు చేరాక, మొన్న గురువారం పదకొండు గంటలకి పచ్చబడింది. పక్క బల్లవాడు చప్పట్లు కొట్టాడు. నేను నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు తెప్పిస్తానని లేచాను, వేడివేడిగా అందరికీ.

ప్రతి కేంద్రం నుంచి వెళ్ళేదానికి ఒక నకలు నాకు వచ్చేట్టు మొదట్లో పరీక్ష కోసం పెట్టుకుని, తీసెయ్యడం మరిచాను. మీ డబ్బాలో ఆగినవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏడు. మొదటిది ఇరవై ఒకటో తేదీది. రక్తపోటు చూశాను, గర్భం ముప్పై ఒకటో వారం అన్నది చూశాను, పాపం ఆవిడే అనుకున్నాను. తర్వాత భర్త పేరు గడి చూశాను. మీరు నా పేరు రాయగా నేను చూడడం అదే మొదటిసారి.

ఇరవై మూడున అన్నయ్యా, ఇంకో ఇద్దరూ మీరిమ్‌ని స్లెడ్జి బండి మీద పడుకోబెట్టి గుర్రాలతో కనుమ ఎక్కబోయి, గాలికి నిలవలేక తిరిగొచ్చారని రాశారు. ఇరవై అయిదున ఆంపూళ్ళు అయిపోయాయని, మూర్ఛ రెండుసార్లు వచ్చిందని రాశారు. ఇరవై ఆరున మరణం ఫారం. బిడ్డ గడిలో కూడా అదే. ఇవన్నీ నాకు నాలుగు నిమిషాల్లో తెలిశాయి. మీకు ఆరు రోజులు పట్టింది.

ఏడోది ఇక్కడ నరీన్‌లో ఉండే మన ఊరి పెద్ద తొక్తోసున్ తాతకి. ఎర్మెక్‌కి కాగితం మీద తెలియనివ్వొద్దు, మన పద్ధతి ప్రకారం పెద్దలు వెళ్ళి నోటితో చెప్పండి, ఒంటరిగా ఉండనివ్వకండి అని రాశారు. అదీ చదివాను.

మూడు గంటలకి తాత ఇంకో ఇద్దరు పెద్దలతో వచ్చాడు. టీ పోశాను. తాత తన మీసం దువ్వుకుని, చేతి మీంచి ఎగిరిపోయిన డేగ గురించి మొదలుపెట్టాడు. మనవాళ్ళు అలా మొదలుపెట్టారంటే దేనికో పసిపిల్లలకీ తెలుసు. నేను తెలియనట్టే కూర్చున్నాను. ఆ ముసలాయన అంత కష్టపడి మాటలు వెతుక్కుంటుంటే నాకు ముందే తెలుసని ఎలా చెప్పను? ఆయన చెప్పాక ఏడ్చాను. నాలుగు గంటలసేపు దాచుకున్న ఏడుపది.

ఇక నేను దాచింది చెబుతాను. సరుకు ఇచ్చినవాడి తప్పేమీ లేదు. కార్డు వేరేదని వాడు పెట్టె మీద రాసే ఇచ్చాడు. పద్నాలుగు యంత్రాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ బిగించాలంటే నెల పడుతుందని, ఒకటి సిద్ధం చేసి మిగిలిన పదమూడింట్లోకీ దాన్నే దించేశాను. మీ దాంట్లో కార్డు కాస్త మొరాయిస్తే, సరిపడని డ్రైవర్‌నే బలవంతంగా ఒప్పించి, పనిచేస్తోంది కదా అని వచ్చేశాను. అప్‌డేట్ వచ్చి ఆ అబద్ధాన్ని ఒప్పుకోలేదు, అంతే. పద్నాలుగో తేదీ మీరు సరైన అంకెలు మూడుసార్లు సరిచూసి రాశారు. నేను కాగితం తిప్పలేదు. అన్నీ ఒకే కార్డు అని నాకు తెలుసు కదా. లారీ ఎక్కించకండి అని రాసిందీ నేనే. ఎవరో పరాయి ఆవిడ అనుకుని రాశాను. నా పెళ్ళామని తెలిస్తే ఒక్కసారి కాగితం తిప్పి చూసేవాణ్ణేమో. పరాయిదైతే మాత్రం చూడక్కర్లేదా అన్నది నన్ను నిద్రపోనివ్వట్లేదు.

ఖననం అయిపోయిందని తాత చెప్పాడు. ఇప్పుడే రాలేను. అమ్మ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

ఎర్మెక్


కర-మొయ్‌నోక్,
డిసెంబర్ 5, గురువారం

ఎర్మెక్,

ఒకసారి రాశాక రెండోసారి కష్టం కాలేదు. ఇకమీదట పేరుతోనే రాస్తాను. అత్తయ్య చూసింది, ఈసారి కలం పట్టుకోలేదు.

నీ మీద నాకు కోపం ఉంది. నువ్వు ఓదార్పు కోసం రాసి ఉంటే అది నా దగ్గర లేదు. లారీ మెట్టు మీద నిలబడి నీ ఉత్తరం చదివిన ఆ క్షణం నాకు రోజూ గుర్తొస్తోంది. ఎంత ధీమాగా రాశావో. తెలియదు అన్న మాట ఒక్కటి ఎక్కడన్నా ఉంటే ఎక్కించేసేదాన్ని.

అయితే నీ ఒక్కడి మీదే కోపం పెట్టుకుంటే నేను అబద్ధాలకోరునవుతాను. ఇరవై ఒకటిన రాసి పంపని ఉత్తరం దీంతో పెడుతున్నాను. చదువు. పద్నాలుగునే పేరు రాసి ఉంటే నువ్వు ఆ కాగితాన్ని నూరుసార్లు తిప్పేవాడివి. వైద్యం చదువుకున్న దాన్ని నేను. యంత్రం మాట అటుంచి నూట యాభై చూసినదాన్ని చూసినట్టు లారీ ఎక్కించాల్సింది. దారిలో పోతే నా వల్ల పోయిందంటారేమోనని లోపల ఒక మూల భయం కూడా ఉంది. నీ ఉత్తరం ఆ భయానికి సాకు ఇచ్చింది. అదీ నిజమే.

పోయిన గురువారం నెట్ రాగానే పోయేవి పోయాక వచ్చేవి వచ్చాయి. మీరిమ్ పరీక్ష ఫలితం నవంబర్ ఆరో తేదీది. మూత్రంలో ప్రొటీన్ బాగా ఎక్కువ ఉంది, వెంటనే ఆసుపత్రికి పంపండి అని ఎర్ర అక్షరాల్లో ఉంది. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే అది అవతల ఉంది. నేను దాన్ని ముద్రించి ఫైల్లో పెట్టాను. మిగతా ముగ్గురి ఫలితాలూ చూశాను, ఒకామెకి నెత్తురు తక్కువగా ఉంది. సగిన్‌తో ఈ పొద్దున నరీన్ పంపించేశాను, లారీ వెనక పరుపులు వేసి. ముందు సీటు వాడు ఇవ్వలేదు. "అక్కా, ఆరోజు దాని మీద బొంత పరిచావు కదా, ఆ తర్వాత దాంట్లో ఎవర్నీ కూర్చోబెట్టలేకపోతున్నాను," అన్నాడు. గర్భిణికి కూడానా అని తిట్టాను. ఏడ్చాడు. ఆమే వచ్చి, నాకు పడుకునే వీలుంటే చాలులే అంది.

మీరిమ్ ఆఖర్న నొప్పి లేకుండానే ఉంది. స్పృహ లేదు. అంతకు ముందురోజు ఒకసారి తేరుకుని, ఆయనకి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. "మంచిది, లేకపోతే ఈ గాలిలో బయల్దేరేవాడు," అంది. నీకు చెప్పాలో వద్దో తెలియక వారం ఆలోచించాను. దాచడం ఇక నా వల్ల కాదు.

అత్తయ్య రోజూ గుమ్మంలో కూర్చుంటోంది. ఆమె ముఖం ఎలా చూడాలని నువ్వు అడిగావు. ఆమెకూ నీ ముఖం ఎలా చూడాలో తెలియదు, కలం పట్టుకుని ఆపింది తనే కదా. మీరిమ్ పోయిన నలభయ్యో రోజు జనవరి ఐదు. రా.

జూరాకన్


నరీన్,
డిసెంబర్ 29, ఆదివారం

వదినా,

మీరు పేరుతో సంతకం పెట్టారు, నేను మాత్రం వదినా అనే అంటాను. ఇది కంప్యూటర్‌లోనే పంపుతున్నాను, కాగితమైతే నాతో బాటే చేరుతుంది.

ఈ మూడు వారాలూ పదమూడు ఊళ్ళు తిరిగాను. సెలవు పెట్టి, గుర్రం మీదా, దొరికిన బండి మీదా. ప్రతి కేంద్రంలోనూ పెట్టె తెరిచి, కార్డు మీద అంకెలు కళ్ళతో చూసి, కాగితం మీద రాసుకుని, దానికి సరైన డ్రైవరే వేశాను. పన్నెండు సరిగ్గానే ఉన్నాయి. ఒకటి మీలాంటిదే. అదింకా అప్‌డేట్ కాలేదు, ఇంకో వారంలో అయ్యేది. అక్కడి నర్సు, ఇది బాగానే పనిచేస్తోంది కదా, ఎందుకు విప్పుతున్నావు అని కసిరింది. ఇక్కడ గర్భిణులు ఎవరెవరున్నారు, పేర్లు చెప్పండి అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది, అయినా చెప్పింది. ఇద్దరు. పేర్లు రాసుకున్నాను.

నకళ్ళు నాకు రావడం ఆపేశాను. మా పై అధికారికి జరిగిందంతా రాసిచ్చాను, నేను ఒక యంత్రాన్ని మిగిలిన పదమూడింట్లోకి దించిన సంగతితో సహా. ఏం చేస్తారో తెలియదు. తెలియదు అని రాయడం నేర్చుకుంటున్నాను.

మీరు పంపని ఉత్తరం చదివాను. ముగ్గురం కలిసి దాచాం అన్నారు. నేనొక్కణ్ణీ విడిగా దాచాను. అయినా ఒకే ఇంటివాళ్ళం.

పద్నాలుగోది మీ కేంద్రం. ఆఖర్న పెట్టుకున్నాను. బుధవారం వస్తున్నాను. పెట్టె తెరిచి చూస్తాను, నలభయ్యో రోజుకి ఉంటాను, అమ్మ దగ్గర గుమ్మంలో కూర్చుంటాను. సగిన్‌తో నిన్న మాట్లాడాను. కాళ్ళు బాగాలేనివాడివి, నీ ఒక్కడికీ ముందు సీటు ఇస్తాను, బొంత కూడా వేస్తాను అన్నాడు. వద్దన్నాను. అది మీరిమ్ సీటు. మందపాటి కోటు ఉంది నాకు, వెనక బొగ్గు మీద కూర్చుని వస్తాను.

ఎర్మెక్